పాఠశాల వేసిన మార్కులు తగ్గినప్పుడు

పరీక్షాగృహములో మూడు గంటలు కూర్చుండి వ్రాసినదానికి వచ్చు మార్కులు ఒక తీరు. ఏడాది పొడవునను చేసిన పనికి వచ్చు మార్కులు వేఱొక తీరు. మొదటివానిని మన ముఖ మెఱుగని వారెవ్వరో వేయుదురు. రెండవవానిని మనకు పాఠము చెప్పిన ఉపాధ్యాయుడే వేయును. ఆయన వేసిన మార్కులను బయటివారు సరిచూచి, ఎక్కువైనవని తోచినచో తగ్గించు పద్ధతి పెక్కుచోట్ల గలదు. దానిని మోడరేషన్ అందురు. మన కర్ణాటకములో ఎస్.ఎస్.ఎల్.సి. విద్యార్థులకు గణితము, సామాన్యశాస్త్రము వంటి విషయములలో నూటికి 20 మార్కులు పాఠశాల వేయునవే. సి.బి.ఎస్.ఇ. వారికిని అట్లే. కావున ఈ సంగతి మనకు పరాయిది కాదు. "మావానికి 18 అని చెప్పిరి గదా, 15 ఎట్లయినవి?" అని అడుగు తండ్రి ఏ ఊరనైనను ఉండును. ఆ ప్రశ్నకు సమాధానము వెదకుటకు మేము ఇంగ్లండు దేశపు పద్ధతిని ఎన్నుకొన్నాము. అక్కడ ఈ పని చాలకాలముగా, అచ్చువేసిన నియమముల ప్రకారము జరుగుచున్నది.

ఆ దేశమున జి.సి.ఎస్.ఇ. పరీక్ష మొదటిసారి 1988లో జరిగినది. ఆ తొలి సంవత్సరములలో ఆంగ్ల విషయమునకు పరీక్షయే లేకుండ, కోర్సువర్కు మీదనే ఫలితము నిర్ణయించుటయు కలదు. కొంతకాలమునకు సందేహములు బయలుదేరినవి. వ్యాసము పిల్లవాడు వ్రాసెనా, తండ్రి వ్రాసెనా, లేక ఇంటర్నెట్టునుండి దిగినదా యని. (ఇట్టి సందేహము సముద్రముల కావలనే పుట్టునని అనుకొనరాదు. చార్టు మీది బొమ్మ తమ్ముడు వేసినదో, అక్క వేసి యిచ్చినదో మన ఉపాధ్యాయులును కనిపెట్టగలరు.) 2009 మొదలు ఆ పనిని తరగతిలోనే, పర్యవేక్షణలో చేయించు ఏర్పాటు వచ్చినది. తరువాత అదియు చాలవఱకు తగ్గినది. నేడు ఎ-లెవెల్ చరిత్రలోను, ఆంగ్లసాహిత్యములోను నూటికి 20 వంతులు మాత్రమే ఇట్టి పనికి చెందును. చిత్రకళలో మాత్రము మొత్తము పనిని పాఠశాలయే దిద్దును.

ఇక తగ్గించు విధము చూతము. ఉపాధ్యాయుడు తరగతి అందఱి పనిని దిద్ది, మార్కులను పరీక్షామండలికి పంపును. మండలి అందఱి పనిని చదువదు. పదిమంది లేక అంతకు తక్కువమంది ఉన్నచో అందఱివి, నూఱుమంది వఱకు ఉన్నచో సాధారణముగా పదింటిని మాత్రమే తెప్పించుకొనును. మోడరేటరు వానిని తిరిగి దిద్దును. ఉపాధ్యాయుని మార్కులకును తన మార్కులకును కొద్దిపాటి భేదమే యున్నచో పాఠశాల మార్కులన్నియు యథాతథముగా నిలుచును. భేదము హద్దు మీఱినచో, మచ్చులో కనబడిన తేడాను లెక్కగట్టి ఆ తరగతి అందఱికిని వర్తింపజేయుదురు.

ఒక ఉదాహరణము మేమే కల్పించి చెప్పెదము. మొత్తము 60 మార్కులు. ఉపాధ్యాయుడు ముగ్గురికి 54, 48, 30 వేసెను. మోడరేటరునకు అవి 48, 43, 29గా తోచినవి. అనగా పైవారికి ఎక్కువగాను, క్రిందివారికి స్వల్పముగాను ఉదారత చూపబడినది. ఇప్పుడు 40 వచ్చిన నాలుగవ విద్యార్థి పనిని మోడరేటరు చదువకపోయినను, ఆ వరుసను బట్టి అతనికి ఇంచుమించు 37 వచ్చును. గమనింపవలసిన దేమనగా, నలుగురి వరుస మాఱలేదు. మొదటివాడు మొదటివాడే.

మన పల్లెలలో ధాన్యము కొలిచిన కుంచములను తలచుకొన్నచో ఇది సులభముగా బోధపడును. ఒక ఊరి కుంచము కొంచెము చిన్నదైనచో, గింజలు అవే యైనను కుంచముల లెక్క ఎక్కువ వచ్చును. సంతలో పెద్ద కుంచముతో తిరిగి కొలిచినప్పుడు లెక్క తగ్గును. గింజ మాత్రము ఒక్కటియు పోలేదు. ఉపాధ్యాయుడు తన తరగతి పిల్లలలో ఎవరు మేలో చక్కగా ఎఱుగును. ఇతర పాఠశాలల పని ఆయన కంట బడదు. కావున వరుస సరిగా నుండి, కొలత తప్పుట సహజము. తగ్గినది పాఠశాల కొలతయే. పిల్లవాడు మోసము చేసెననిగాని, వాని పని పనికిరానిదనిగాని దాని అర్థము కాదు. ఈ మాట ఇంటిలో మొదటి దినముననే పిల్లవానికి చెప్పవలసి యున్నది.

ఐనను ఈ పద్ధతిలో అన్యాయమే లేదని మేము చెప్పజాలము. సరిగా దిద్దబడిన పనియు మిగిలినవానితోపాటు తగ్గవచ్చును. పిల్లవాని పనిని చూడకుండ లెక్కనే నమ్ముకొన్నచో ఏమగునో 2020లో లోకమెల్ల చూచినది. కరోనా వలన పరీక్షలు జరుగలేదు. ఉపాధ్యాయులు అంచనా వేసిన గ్రేడులను, ఆయా పాఠశాలల వెనుకటి ఫలితములను బట్టి ఒక గణితసూత్రముతో సవరించిరి. ఆగస్టు 13న ఇంగ్లండులో ఎ-లెవెల్ ఫలితములు వెలువడగా, నూటికి ఇంచుమించు 39 గ్రేడులు ఉపాధ్యాయుల అంచనాకంటె తగ్గియుండెను. మిక్కిలి చిన్న తరగతులకు సూత్రము వర్తింపలేదు. పెద్ద తరగతుల పిల్లలే ఎక్కువగా నష్టపడిరి. విద్యార్థులు వీథులకెక్కిరి. నాలుగు దినములలో, 17వ తేదీన, ప్రభుత్వము ఆ సూత్రమును విడిచిపెట్టినది. స్కాట్లండులో అంతకు వారము ముందే ఇట్టిదే జరిగినది.

అట్లని ఉపాధ్యాయుల మార్కులను తాకకుండ విడుచుటయే మేలా? 2019లో బ్రిటనులో నూటికి ఇంచుమించు 25 ఎ-లెవెల్ ఫలితములు మొదటి రెండు గ్రేడులలో ఉండగా, ఉపాధ్యాయులే నిర్ణయించిన 2021లో అవి 45 వఱకు పెరిగినవి. రెండేండ్లలో పిల్లల తెలివి అంతగా పెరిగెనని ఎవ్వరును అనలేదు. సరిచూచుట అవసరమే, పనిని చదివి సరిచూచుట ఒకటి, చదువకుండ తగ్గించుట వేఱొకటి.

తగ్గిన తరువాత చేయదగిన దేమి? ఇంగ్లండులో ఒక్క విద్యార్థి తనకొఱకు మాత్రమే మోడరేషను పునఃపరిశీలన కోరజాలడు. ఆ తరగతి అందఱి పక్షమున పాఠశాలయే కోరవలెను. మండలికి మార్కులు పోకముందు మాత్రము విద్యార్థికి హక్కు గలదు. పాఠశాల వేసిన మార్కులను ముందుగా అతనికి తెలుపవలెను. అతడు కోరినచో, మొదట దిద్దనివారు ఎవరైనను ఆ పనిని తిరిగి చూడవలెను. ఫలితము వచ్చిన పిదప కన్నీరు పెట్టుటకంటె, మార్కులు పోకముందు ఒక వారము మెలకువగా నుండుట ఎక్కువ ఫలమిచ్చునని మా అభిప్రాయము. మన యొద్దను, మార్కులు ఎక్కించుటకు ముందే పిల్లలకు చూపుడని అడుగుటలో తప్పులేదు.

నష్టమెంతయో లెక్కగట్టుటయు అవసరము. 60కి 48 వచ్చినది 43 అయినచో, ఆ భాగము మొత్తములో నూటికి 20 వంతులే గనుక, తుదిలో పోవునది రెండు మార్కులకు లోపే. గ్రేడు అంచున ఉన్నవానికి అదియు పెద్దదే. తక్కినవారికి వ్రాతపరీక్షలో ఒక్క ప్రశ్న పూడ్చగలిగినంత. మన 20 మార్కులలో 18 పోయి 15 అయినచో మాత్రము మూడు మార్కులును పూర్తిగా పోవును.

మన తెలుగు మాధ్యమపు పిల్లల విషయములో ఇంకొక చిక్కు గలదు. ప్రాజెక్టు తెలుగులో నుండును. సరిచూడ వచ్చినవారికి తెలుగు లిపి రాకపోవచ్చును. వేల్సులో పిల్లలు వెల్షు భాషలోనే కోర్సువర్కు సమర్పింపవచ్చును. మనవారును తెలుగు చదువగల పరిశీలకుని ముందుగనే, వ్రాతమూలముగా, కోరవలెను. అంతేకాదు, ఏ అంశమునకు ఎన్ని మార్కులు, ఎందువలన వేసితిమో ఉపాధ్యాయులు నోటుపుస్తకపు అంచున వ్రాసిపెట్టుట మంచిది. ఆ నాలుగు మాటలు రాష్ట్రభాషలో నున్నచో లిపి రానివారికిని మార్కుల కారణము తెలియును. పిల్లలు మాత్రము సెలవులు రాగానే ఆ నోటుపుస్తకములను పాతకాగితములవానికి తూచి యిచ్చివేయక, ఫలితములు వచ్చి గడువులు తీరువఱకు పెట్టెలో దాచవలెను.