బట్టమేక పిట్టకు మిగిలిన నేల ఎంత?

ఇటీవల ఒక ఆదివారం నాడు, కదిర్కామంలో మా పొరుగున ఉండే తమిళ మిత్రుని కుమార్తె తన బొమ్మల పుస్తకంతో మా ఇంటికి వచ్చింది. పొడవైన తెల్లని మెడ, నల్లని తల, గోధుమవన్నె రెక్కలు గల పక్షిని గీసి, క్రింద ‘కానమయిల్’ అని వ్రాసుకున్నది. “అంకుల్, ఇది మీ ఆంధ్రలో ఉండేదట కదా! మీరు చూశారా?” అని అడిగింది. ఒకే ఒక్కసారి చూశాము. ఆ మాట చెప్పడానికి మాత్రం మాకు కొంత వ్యవధి పట్టింది.

తమిళులు కానమయిల్ అనే ఆ పక్షియే మన బట్టమేక పిట్ట. మీటరు ఎత్తు వరకు నిలిచే మగపక్షి బరువు 15 కిలోలదాకా ఉండవచ్చును. ఎగురగల పక్షులలో ఇంత భారమైనవి లోకంలో బహు కొద్ది. ఇది చెట్టుపై వాలదు, గూడు కట్టదు. ఆడపక్షి సాధారణంగా ఏడాదికి ఒకే గ్రుడ్డును వట్టి నేలపై పెట్టి పొదుగుతుంది. ఆ గ్రుడ్డును పశువు తొక్కినా, కుక్క ఎత్తుకుపోయినా ఆ ఏటి సంతానం లేనట్లే.

వేటగాళ్ళకు ఇది ఒకప్పుడు గొప్ప బహుమతి. 1809–1829 మధ్య అహ్మద్‌నగర్ ప్రాంతంలో ఒక్క ఆంగ్లేయ వేటగాడే 961 పక్షులను కాల్చినట్లు చరిత్ర. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ వేటను నిషేధించింది. అయినను పక్షుల సంఖ్య తగ్గుతూనే వచ్చింది. నేడు దేశం మొత్తంమీద మిగిలినవి సుమారు 150 మాత్రమే. వాటిలో అత్యధికం రాజస్థాన్‌లోని థార్ ఎడారిలో ఉన్నవి.

మేము ఈ పక్షిని చూసినది ఉద్యోగంలో చేరిన తొలినాళ్ళలో, నాటి కర్నూలు జిల్లా (నేటి నంద్యాల జిల్లా) రోళ్ళపాడులో. ఈ పక్షి కొరకే అక్కడ 1988లో అభయారణ్యం ఏర్పడింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రజ్ఞులు 1980వ దశకంలో అక్కడే ఉండి దీని జీవనాన్ని అధ్యయనం చేశారు. వర్షాకాలపు ఉదయాన ఒక మగపక్షి తోకను విప్పి, తెల్లని గొంతుసంచిని మోకాళ్ళదాకా వ్రేలాడదీసి, గంభీరంగా హుంకరించింది. ఆ ధ్వని ఈనాటికీ మా చెవులలో ఉన్నది.

ఆ సంపద నిలువలేదు. అభయారణ్యం విస్తీర్ణం సుమారు 6 చదరపు కిలోమీటర్లే. పక్షి బ్రతుకు మాత్రం చుట్టుపట్ల పచ్చిక బీళ్ళపైనా, మెట్ట చేలపైనా ఆధారపడినది. సాగునీరు రాగా మెట్ట పైర్లు వెనుకకు తగ్గాయి. అలగనూరు జలాశయం క్రింద కొంత బీడు మునిగింది. రక్షణలో పెరిగిన కృష్ణజింకలు పైర్లు మేయగా రైతులకు అభయారణ్యంపైనే విముఖత కలిగింది. ఎవరూ తుపాకి పేల్చలేదు. అందరూ మేలు కోరియే చేశారు. నేడు రోళ్ళపాడులో బట్టమేక పిట్ట జాడ కనుగొనడమే దుర్లభం. కౌజు, పూరేడు పిట్టలకు సైతం ఆశ్రయమిచ్చేవి ఇట్టి బీళ్ళే.

ఇంజనీర్లుగా మనం ఒక నిజాన్ని ఒప్పుకోవలసి ఉన్నది. ఆనాడు ఆ మైదానాన్ని చూసి, “ఇంత బంజరు వృథాగా పడి ఉన్నదే!” అని మేమే అనుకున్నాము. విద్యుత్ లైనుకు సర్వే చేయవలసి వచ్చినచో మొదట ఆ దారినే ఎన్నుకొని ఉండేవారము. చెట్లు కొట్టనక్కరలేదు, ఇళ్ళు తొలగించనక్కరలేదు, పరిహారమూ స్వల్పమే. థార్‌లో జరిగినదీ అదే. ఈ పక్షి కన్నులు తలకు ఇరుప్రక్కలా ఉండుటచే సూటిగా ఎదుట ఉన్న తీగ దానికి సరిగా కానరాదు. కనబడినా, బరువైన దేహాన్ని తటాలున మళ్ళించలేదు. థార్‌లో తీగలు తగిలి ఏటా సుమారు 18 బట్టమేక పిట్టలు మరణిస్తున్నవని భారత వన్యప్రాణి సంస్థ అంచనా వేసింది. 150లో 18 అంటే ఎంతటి నష్టమో మన పాఠకులకు లెక్క చెప్పనక్కరలేదు.

లైన్లను భూగర్భంలో వేయాలని సుప్రీంకోర్టు 2021లో ఆదేశించింది. సౌర, పవన విద్యుత్తు ఆవశ్యకతను, సాంకేతికమైన చిక్కులను దృష్టిలో ఉంచుకొని 2024లో ఆ ఆదేశాన్ని సవరించి, విషయాన్ని నిపుణుల సంఘానికి అప్పగించింది. తీగలకు తళుకు బిళ్ళలు అమర్చి పక్షులను హెచ్చరించే పద్ధతి ఉన్నది గాని, అది ప్రమాదాన్ని తగ్గించగలదే తప్ప తొలగించలేదు. జైసల్మేర్ జిల్లా సమ్ గ్రామం వద్ద 2019లో సంతానోత్పత్తి కేంద్రం ప్రారంభమైనది. 2024లో కృత్రిమ గర్భధారణ ద్వారా పిల్ల పుట్టడం శుభవార్తయే. అయితే పెరిగిన పిల్లలను విడిచిపెట్టడానికి నేల ఉండాలి కదా!

సెలవు దినాలలో మనం పిల్లలతో ఊసుడు చెరువుకు వెళ్ళి నీటిపక్షులను చూసి ఆనందిస్తాము. చెరువు విలువ అందరికీ తెలుసును. బీడు విలువ ఎవరూ అడుగరు. మన సర్వే పటాలలో ‘బంజరు’ అని వ్రాసే ముందు, అక్కడ నేలపై గ్రుడ్డు పెట్టే ప్రాణి ఏదైనా ఉన్నదా అని ఒక్కసారి విచారించుట కష్టమైన పని కాదు. లైను పూర్తి అయిన పిదప మార్చుట కన్న, కాగితంపై ఉన్నప్పుడు మార్చుట ఎంతో చవుక.

ఆ అమ్మాయి పుస్తకం మూస్తూ, “నేనూ చూడగలనా?” అని అడిగింది. “చూడగలవు” అని గట్టిగా చెప్పలేకపోయాము. “మేము జాగ్రత్తగా పని చేస్తే చూడవచ్చునమ్మా” అన్నాము.