కుట్లు మానాక మిగిలే జాగ్రత్త

ల్యాపరోస్కోపీతో ప్లీహం తీయించుకున్నవారు చాలామంది రెండు మూడు రోజుల్లోనే ఇంటికొచ్చేస్తారు. పొట్ట మీద నాలుగు చిన్న గాట్లు, అంతే. ఇంటికొచ్చాక కంగారు పెట్టేది తరచుగా భుజం నొప్పి. ఆపరేషన్ పొట్టకైతే భుజమెందుకు లాగుతోందని అడుగుతారు. పనిముట్లకు చోటు కోసం పొట్టను కార్బన్ డయాక్సైడ్‌తో ఉబ్బిస్తారు. అది డయాఫ్రమ్‌ను రేపుతుంది. డయాఫ్రమ్ నరమూ, భుజం చర్మం నుంచి వచ్చే నరాలూ మెడ దగ్గర వెన్నుపాములో ఒకేచోట చేరతాయి. నొప్పి ఎక్కడిదో మెదడు పోల్చుకోలేదు. సాధారణంగా కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది.

మంచం దిగనివ్వకపోవడం, కూరగాయలు మాన్పించి పత్యం పెట్టడం మనవాళ్లు ప్రేమకొద్దీ చేసేవే. ఇక్కడ రెండూ చెరుపే. నొప్పి మాత్రలకు మలబద్ధకం వస్తుంది, కూరలూ నీళ్లూ కావాలి. నడక రక్తం గడ్డకట్టకుండా కాపాడుతుంది. బిందెలు, గ్యాస్ బండలు మాత్రం డాక్టరు సరేననేదాకా ఎత్తకూడదు.

ఒంట్లోని ప్లేట్‌లెట్లలో దాదాపు మూడో వంతు ప్లీహంలోనే ఉంటాయి. అది పోయాక రక్తంలో వాటి సంఖ్య ఎగబాకుతుంది. పేగుల నుంచి కాలేయానికి వెళ్లే పోర్టల్ సిరలో గడ్డ ఏర్పడవచ్చు. తగ్గిన కడుపునొప్పి తిరగబెడితే గ్యాసేలే అని సోడా తాగి ఊరుకోకూడదు.

గాట్లు రెండు వారాల్లో మానతాయి. లోపలి లోటు మానేది కాదు. రక్తపు చుక్కకు రంగువేసి సూక్ష్మదర్శినిలో చూస్తే కొన్ని ఎర్రకణాల్లో ముదురు ఊదా చుక్కలు కనిపిస్తాయి. కేంద్రకపు తునకలవి, పేరు హోవెల్-జాలీ బాడీలు. ప్లీహం ఉంటే వాటిని ఏరేసేది. న్యుమోకాకస్ లాంటి, చుట్టూ తొడుగున్న బ్యాక్టీరియాను పట్టేదీ అదే. ప్లీహం తీసేసిన పసిపిల్లల్లో వచ్చిన తీవ్ర ఇన్‌ఫెక్షన్లను అమెరికాలో కింగ్, షూమేకర్ 1952లో వివరించారు. పెద్దలకూ ఆ ముప్పు జీవితాంతం ఉంటుంది.

అందుకే న్యుమోకాకల్, మెనింగోకాకల్, హిబ్ టీకాలు వీలైతే ఆపరేషన్‌కు కనీసం 2 వారాల ముందే వేస్తారు. అత్యవసరంగా తీస్తే సాధారణంగా 2 వారాల తర్వాత. ఏటా ఫ్లూ టీకా అదనం.

చలిజ్వరం వస్తే మెడికల్ షాపులో మాత్ర కొని దుప్పటి కప్పుకొని పడుకోవడం అందరికీ అలవాటే. ప్లీహం లేనివారికి అది ప్రాణం మీదికి తెస్తుంది. కొన్ని గంటల్లోనే పరిస్థితి చేయిదాటవచ్చు, కాబట్టి అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్లి మొదటి మాటగా ప్లీహం లేదని చెప్పాలి. చాలామంది డాక్టర్లు ఇంట్లో ఉంచుకోమని యాంటీబయాటిక్ రాసిస్తారు. దారిలో ఆలస్యమయ్యేలా ఉంటే వారు చెప్పినట్టు అది వేసుకుని బయల్దేరాలి. మలేరియా కూడా వీరికి ముదురుతుంది, ఏజెన్సీ ప్రాంతాలకు వెళ్లేముందు నివారణ మందుల గురించి అడగాలి. కుక్క కరిస్తే రేబిస్ టీకాతో సరిపోదు. దాని లాలాజలంలోని బ్యాక్టీరియా కోసం యాంటీబయాటిక్ కూడా అదే రోజు మొదలుపెట్టించుకోవాలి.