అణుద్రవ్యమునకు లెక్క వ్రాయువారెవరు?

ఉమ్మడి కుటుంబమునుండి వేరుపడిన వానికి పొలము పంచుకొనుటకంటె, అంతవరకు ఇంటి గుమాస్తా వ్రాసిన పద్దులను తానే వ్రాసికొనుట కష్టమగును. ఐరోపా సమాఖ్యను విడిచిన బ్రిటనుకు అణుశక్తి విషయమున కలిగిన చిక్కు ఇట్టిదే.

యూరటామ్ అనునది 1957లో రోము నగరమున సంతకములైన ఒడంబడికచే ఏర్పడిన అణుశక్తి సమాజము. బ్రిటన్ 1973లో అందు చేరెను. 2016 నాటి ప్రజాభిప్రాయ సేకరణకు ముందు దాని పేరెత్తినవారు అరుదు. 2017 మార్చిలో సమాఖ్యకు పంపిన లేఖలోనే బ్రిటన్ ఈ ఒడంబడికను సైతము వదలుకొనుచున్నట్లు తెలిపెను.

విద్యుత్కేంద్రములు ఆగిపోవునేమో యని కొందరు భయపడిరి. ఈ ప్రసంగమునకు విషయసేకరణ చేయునపుడు మేమును మొదట అట్లే తలచితిమి. కాని చిక్కు యంత్రములలో లేదు, ఇంధనపు లెక్కలో నున్నది. యురేనియము, ప్లూటోనియము ఎచట ఎంత యున్నది, ఎవరికి చేరినది, బాంబుల తయారీకి మళ్లలేదు గదా యని యూరటామ్ తనిఖీదారులు ఎప్పటికప్పుడు సరిచూచెడివారు. ఆయుధములకు సంబంధింపని ప్లూటోనియమే బ్రిటనులో సుమారు 140 టన్నులు కలదు. అధికభాగము సెల్లఫీల్డులోనే. ఒక బాంబునకు 8 కిలోలు చాలునని అంతర్జాతీయ గణన!

బాంబులు ముందే కలిగిన దేశమునకు ఈ లెక్కలెందుకని శ్రోతలు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. లెక్క కోరువారు అమ్మకందారులు. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా దేశములు తమ సరకు ఆయుధములకు పోదను హామీ లేనిదే అమ్మవు. అందుచే బ్రిటన్ 2018లో కొత్త చట్టము చేసి, తనిఖీ బాధ్యతను తన అణు నియంత్రణ కార్యాలయమునకు అప్పగించెను. ఆ యేడే వియన్నాలోని అంతర్జాతీయ అణుశక్తి సంస్థతోను, పై మూడు దేశములతోను వేర్వేరుగా ఒప్పందములు చేసికొనెను. 2020 జనవరి 31న వైదొలగినను, సంవత్సరాంతము వరకు పాత నిబంధనలే నడచినవి. కొత్త పద్దు 2021 జనవరి 1న మొదలయ్యెను.

వైద్యుల బెంగ వేరు. రోగనిర్ణయమునకు వాడు టెక్నీషియము రేడియోధార్మిక మాలిబ్డినమునుండి పుట్టును. ఆ మాలిబ్డినము నెదర్లాండ్సు, బెల్జియము మొదలగు చోట్లనుండి బ్రిటనుకు రావలెను. 66 గంటలకు అందు సగము తరిగిపోవును గనుక గిడ్డంగిలో దాచుట పొసగదు. ఒడంబడికను వీడుటచే దీని అమ్మకమునకు నిషేధమేమియు కలుగలేదు, నిజమే. అయినను సుంకపు తనిఖీకై రేవులో లారీ ఒక్క దినము నిలిచినచో, సరకులో ఐదవ వంతుకు పైగా హరించును.

పరిశోధనయందే అసలు నష్టము కలిగినదని మా అభిప్రాయము. సూర్యునియందువలె పరమాణు కేంద్రకములను కలిపి శక్తిని పుట్టించుటకై, ఆక్సుఫర్డు సమీపమున కల్హామ్‌లో ఐరోపా దేశములు కలిసి నడపిన జెట్ యంత్రము 1983లో ఆరంభమై, 2023 డిసెంబరులో తన పని ముగించెను. ఆ యేడే బ్రిటన్ యూరటామ్ పరిశోధన పథకమున చేరక, స్వంత మార్గము పట్టుటకు నిశ్చయించెను. అందుచే ఫ్రాన్సులో నిర్మాణమగుచున్న ఈటర్ మహాయంత్రమున దానికి భాగము లేకపోయెను. ఆ యంత్రమునకు కావలసిన పాఠములు పెక్కు నేర్పినది కల్హామే.