తండ్రి ధర్మము: క్రైస్తవ దృష్టి

పరీక్షలో మార్కులు తక్కువ వచ్చిన బాలుడు, సాయంకాలము తండ్రి అడుగుల చప్పుడు విని తల్లి చాటునకు పోవునా, లేక తానే ఎదురేగి ఉన్నమాట చెప్పునా? ఆ యింటి తండ్రి యెట్టివాడో దీనినిబట్టియే తెలియును. ఈ విషయమున క్రైస్తవ ధర్మము ఏమి బోధించుచున్నదో మనము కొంచెము పరిశీలింతము.

క్రైస్తవము పుట్టిన మొదటి శతాబ్దమున రోమను చట్టము తండ్రికి గొప్ప అధికారము నొసగియుండెను. తండ్రి జీవించియున్నంతకాలము కుమారుడు, ఎంత వయసువాడైనను, సాధారణముగా అతని అధీనమున నుండవలసినవాడే. కుమారుని ఆర్జనయు చాలవరకు తండ్రి సొత్తే. అట్టి ప్రపంచమున వెలువడిన ఎఫెసీయుల పత్రిక, 6వ అధ్యాయమున, బిడ్డలకు విధేయతను బోధించి యూరకుండలేదు. వారికి కోపము పుట్టించు నడవడిని మానుకొని, వారిని దైవశిక్షణలో పెంచవలెనని తండ్రులను హెచ్చరించినది. అట్లు చేయనిచో బిడ్డల మనస్సు క్రుంగునని కొలస్సయుల పత్రిక కారణమును గూడ చూపినది. బిడ్డ కోపమునకు తండ్రిని జవాబుదారిగా చేయుట ఇందలి విశేషము.

అట్లని మందలింపు కూడదని కాదు. షిలోహులో యాజకుడైన ఏలీ కథ పాత నిబంధనలో నున్నది. అతని కుమారులు హొఫ్నీ, ఫీనెహాసులు బలిమాంసమును దౌర్జన్యముతో తీసికొనుచుండిరి. ఏలీ నోటిమాటతో మందలించెనే కాని వారిని అడ్డుకొనలేదు. ఆ యిద్దరును ఒకే దినమున యుద్ధములో కూలిరి. క్రుంగదీయుట యెంత తప్పో, చూచి చూడనట్లుండుటయు అంత తప్పే.

మరి నడుమనున్న దారి యేది? లూకా సువార్త 15వ అధ్యాయమున యేసు చెప్పిన తప్పిపోయిన కుమారుని ఉపమానము దానిని చూపుచున్నది. తండ్రి బ్రతికియుండగనే పాలు పంచుకొనిపోయి, అంతయు పాడుచేసికొని చిన్నవాడు తిరిగివచ్చెను. ఇంటి పెద్ద పరుగెత్తుట పరువేనా యని తండ్రి ఆలోచింపలేదు. దూరమునుండియే వానిని చూచి, పరుగున పోయి కౌగిలించుకొనెను. ఇంతటితో కథ ముగియలేదు. పెద్దవాడు అలిగి లోపలికి రాకుండెను. తండ్రి మరల బయటికి వచ్చి వానిని బ్రతిమాలెను. చెడిన బిడ్డ కొరకు ఒకసారి, చెడకయే మనసు కటువైన బిడ్డ కొరకు ఒకసారి, ఆ తండ్రి ఇల్లు విడిచి ఎదురుపోయెను. తప్పును తప్పు కాదనలేదు. బిడ్డను బిడ్డ కాదనియు అనలేదు.

క్రైస్తవుడు దేవుని తండ్రీ యని పిలుచును. అనగా ఇంట తండ్రియైనవాడును ప్రార్థనవేళ బిడ్డయే, క్షమాపణ వేడుకొనువాడే. ఈ సంగతి జ్ఞప్తియందుంచుకొన్నచో, తొందరపడి కొట్టిన దినమున, నాదే పొరపాటని బిడ్డతో చెప్పుటకు మనము సిగ్గుపడము. అట్టి తండ్రి అడుగుల చప్పుడు విని బిడ్డ దాగుకొనడు. మార్కుల కాగితము చేతపట్టుకొని వాకిటికే వచ్చును.