స్టెంటు వేశారు, గురక పోలేదు

గుండె మన పిడికిలంత ఉంటుంది. రాత్రీ పగలూ కొట్టుకుంటూనే ఉంటుంది. ఒళ్లంతటికీ రక్తం పంపేది అదే. మరి గుండెకు రక్తం ఎట్లా అందుతుంది? గుండె మీద సన్నని రక్తనాళాలు ఉన్నాయి. వాటి లావు మూడు, నాలుగు మిల్లీమీటర్లు, అంతే. బీడీ, సిగరెట్టు తాగేవాళ్లకు, షుగరు, బి.పి. ఉన్నవాళ్లకు ఈ నాళాల్లో కొవ్వు త్వరగా పేరుకుంటుంది. నల్లా పైపులో పాచి పట్టినట్టు అన్నమాట. రక్తం సరిగా పోదు. నడిస్తే ఛాతీ పట్టేస్తుంది. దారి పూర్తిగా మూసుకుంటే గుండెపోటు.

ఈ దారి తెరవడానికి డాక్టర్లు మణికట్టు నుంచి గానీ, తొడ మొదట్లో నుంచి గానీ సన్న గొట్టం పంపుతారు. గొట్టం చివర చిన్న బుడగ ఉంటుంది. బుడగ మీద లోహపు జాలీ ఉంటుంది. ఆ జాలీ పేరే స్టెంటు. బుడగను ఉబ్బిస్తే జాలీ విచ్చుకుని నాళం గోడకు ఆనుకుంటుంది. తరువాత బుడగను తీసేస్తారు. జాలీ మాత్రం అక్కడే ఉండిపోతుంది.

మొదట్లో స్టెంట్లు పై దేశాల నుంచి వచ్చేవి. బీదవాళ్లకు అందేవి కావు. 1990లలో హైదరాబాదులో ఇద్దరు కలిశారు. ఒకరు గుండె డాక్టరు సోమరాజు గారు. ఇంకొకరు క్షిపణుల శాస్త్రవేత్త అబ్దుల్ కలాం గారు. 2002లో రాష్ట్రపతి అయిన కలాం గారే. వీళ్లు తక్కువ ధర స్టెంటు తయారు చేయించారు. దానికి కలాం-రాజు స్టెంటు అని పేరు వచ్చింది. ఆకాశంలోకి పోయే క్షిపణి ఎక్కడ, గుండెలో జాలీ ఎక్కడ! 1997లో సోమరాజు గారు, తోటి డాక్టర్లు నాంపల్లిలో కేర్ ఆసుపత్రి పెట్టారు. అబిడ్స్ నుంచి అది దగ్గరే.

ఇప్పటి స్టెంట్లు ఇంకా సన్నవి. తీగ వెంట్రుక మందం ఉంటుంది. పైన మందు పూత ఉంటుంది. నాళం మళ్లీ మూసుకోకుండా ఆ మందు కాపాడుతుంది. 2017 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం ధరకు హద్దు పెట్టింది. పూత లేనిది 7,260 రూపాయలు, పూత ఉన్నది 29,600 రూపాయలు. అంతకు ముందు పూత ఉన్న స్టెంటుకు లక్ష దాటి కట్టినవాళ్లు ఎందరో. హద్దు తరువాత కొద్దిగా మారుతూ వచ్చింది. కాబట్టి బిల్లులో స్టెంటు ధర విడిగా రాసి ఉందో లేదో చూడండి. చదవడం వచ్చింది గదా!

ఇక గురక సంగతి.

అబిడ్స్ దుకాణంలో పనిచేసే ఒక మనిషి అనుకోండి. యాభై ఏళ్లు. స్టెంటు వేయించుకున్నాడు. ఛాతీ నొప్పి పోయింది. కానీ పొద్దున లేస్తే తలనొప్పి. పగలు గల్లా పెట్టె దగ్గరే కునుకు.

"రాత్రి గురక పెట్టుకుంట పెట్టుకుంట మీ ఊపిరి ఆగిపోయింది. నాకు భయమైంది" అంటుంది భార్య.

"అలిసిపోయి పండుకున్న. గురక రాదా మరి?" అంటాడు ఆయన.

ఆమె మాటే నిజం. నిద్రలో గొంతు కండరాలు వదులవుతాయి. కొందరికి గాలి పోయే దారి మూసుకుంటుంది. పది సెకన్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ సేపు ఊపిరి ఆడదు. రక్తంలో ప్రాణవాయువు తగ్గుతుంది. ఒళ్లు ఉలిక్కిపడుతుంది. బి.పి. పెరుగుతుంది. గుండె దడదడా కొట్టుకుంటుంది. మనిషి గురక్కుమని ఊపిరి తీసుకుని మళ్లీ నిద్రలోకి పోతాడు. పొద్దున ఏమీ గుర్తుండదు. గంటకు 30 సార్లు, అంతకంటే ఎక్కువ ఇట్లా అయితే జబ్బు బాగా ముదిరినట్టు. దీన్ని స్లీప్ ఆప్నియా అంటారు. లావు మెడ ఉన్నవాళ్లలో ఎక్కువ. సన్నగా ఉన్నవాళ్లకూ వస్తుంది. గురక పెట్టే ప్రతివాళ్లకూ ఈ జబ్బు ఉందని కాదు.

స్టెంటు గుండె నాళాన్ని తెరుస్తుంది. గొంతును తెరవదు. ఈ రెండూ వేరువేరు దారులు. గుండె డాక్టరు పగలు చూస్తాడు. ఊపిరి ఆగేది రాత్రి. అది చూసేది పక్కన పండుకున్న మనిషే.

దీనికి ఒక మిషను ఉంది. ముక్కుకు మాస్కు పెట్టి గాలిని నెడుతుంది. గొంతు మూసుకోదు. 1981లో ఆస్ట్రేలియా డాక్టర్లు దీన్ని లోకానికి చెప్పారు. పగటి మత్తు బాగా తగ్గుతుంది. అయితే మిషను పెట్టుకుంటే గుండెపోటు రాదని అనుకోకండి. 2016లో 2,700 మందికి పైగా గుండె, పక్షవాతం రోగుల మీద జరిగిన అధ్యయనం బయటికి వచ్చింది. మన దేశం వాళ్లూ అందులో ఉన్నారు. మిషను వల్ల గుండెపోట్లు తగ్గినట్టు తేలలేదు. చాలామంది రాత్రికి మూడు, నాలుగు గంటలే వాడారు. కాబట్టి మిషను ఉన్నా గుండె మాత్రలు మానకూడదు. స్టెంటు వేశాక ఇచ్చే రక్తం పలచన చేసే మాత్రలైతే డాక్టరును అడగకుండా ఒక్కరోజు కూడా ఆపవద్దు.

బరువు తగ్గితే గురక తగ్గుతుంది. పక్కకు తిరిగి పండుకుంటే కొందరికి మేలు. రాత్రి సారా, కల్లు, నిద్రమాత్రలు గొంతును ఇంకా వదులు చేస్తాయి.

ఇంట్లో ఇట్లాంటి మనిషి ఉంటే ఒక రాత్రి గడియారం పక్కన పెట్టుకోండి. ఊపిరి ఎన్నిసార్లు ఆగింది, ఎంతసేపు ఆగింది కాగితం మీద రాయండి. పగలు కునుకు ఎప్పుడెప్పుడు వస్తుందో కూడా రాయండి. గుండె డాక్టరు దగ్గరికి పోయినప్పుడు ఆ కాగితం చేతికివ్వండి. నిద్ర పరీక్ష కావాలో లేదో ఆయన చెప్తాడు.