గుర్రం ఎప్పుడు నేర్చుకుంటుంది?

బస్తర్ పల్లెల్లో గుర్రం ఎక్కువగా కనిపించేది దేవుడి దగ్గరే. మొక్కు తీర్చుకున్నవాళ్లు సమర్పించిన మట్టి గుర్రాలు చెట్ల నీడన వరసగా నిలబడి ఉంటాయి. కొండగావ్ ఘడ్వా కళాకారులు మైనంతో రూపు కట్టి, కరిగించిన లోహం పోసి చేసే డోక్రా బొమ్మల్లో గుర్రమెక్కిన రౌతుది ప్రత్యేక స్థానం.

అదే బస్తర్ నుంచి కిరండూల్ రైలెక్కి జగదల్‌పూర్, కోరాపుట్ దాటి వస్తే అరకు. అరకు, పాడేరు, జి.మాడుగుల, పెదబయలు కొండల్లో మాత్రం గుర్రం బరువు మోసే జీవి. పసుపు, మిరియాలు, కాఫీ గింజలు దాని వీపునెక్కి సంతకు దిగుతాయి. బియ్యం, ఉప్పు, నూనె తిరిగి కొండెక్కుతాయి. బడికి దారి సరిగా లేని ఒక ఊళ్లో పిల్లల తల్లిదండ్రులే పంతులుగారికి గుర్రం కొనిచ్చిన సంగతి కొన్నేళ్ల కిందట పత్రికల్లో కూడా వచ్చింది.

ఇలాంటి కొండ ఊళ్లో ఒక ఇంటికి లేత వయసు గుర్రం వస్తే ఏం జరుగుతుంది? కొన్ని నెమ్మదిగా ఉంటాయి. కొన్ని ఆకు కదిలినా ఉలిక్కిపడతాయి, మూట చూస్తే వెనక్కి దూకుతాయి, తాడు బిగిస్తే తల ఎగరేస్తాయి. అలాంటిదానికి మొండిదనో పొగరుబోతుదనో పేరు పడిపోతుంది. పేరు పడ్డాక దెబ్బలు మొదలవుతాయి. నిజానికి ఆ గుర్రంలో ఉన్నది భయం. భయపడే జీవిని కొడితే దాని అనుమానం నిజమని మనమే రుజువు చేసినట్టవుతుంది.

గుర్రం వేటాడే జంతువు కాదు, వేటకు గురయ్యే జంతువు. దాని ఒళ్లంతా పారిపోవడానికి తయారైంది. కళ్లు తలకు రెండు పక్కలా ఉండటం వల్ల చుట్టూ దాదాపు 350 డిగ్రీల మేర చూడగలదు. ముక్కుకు నేరుగా ఎదుట కొద్ది చోటు, తోక వెనక కొంత చోటు మాత్రమే దానికి కనబడవు. అందుకే వెనక నుంచి చప్పుడు లేకుండా వెళ్తే తన్నుతుంది. పక్క నుంచి, భుజం వైపుగా, మాట వినిపిస్తూ వెళ్తే నిలబడుతుంది. ఒంటి మీద ఈగ వాలితే అక్కడి చర్మం ఒక్కటే వణికించి తోలగల జీవికి మనం తాడు లాగే జోరు ఎంత పెద్దదో ఊహించవచ్చు.

ఈ స్వభావాన్ని ఎదిరించకుండా, దాన్నే ఆసరాగా తీసుకుని నేర్పే పద్ధతికి అమెరికాలో 'నేచురల్ హార్స్‌మన్‌షిప్' అని పేరొచ్చింది. ఆరెగాన్‌లో పుట్టిన టామ్ డోరెన్స్ (1910–2003), ఆయన దగ్గర నేర్చుకున్న రే హంట్ (1929–2009) దీనికి పెద్దదిక్కులు. అయితే ఆలోచన కొత్తది కాదు. కోపంలో ఉన్నప్పుడు గుర్రం జోలికి వెళ్లవద్దని గ్రీకు సేనాని జెనొఫోన్ క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దంలోనే రాశాడు. మన దేశంలో శాలిహోత్రుడి పేర అశ్వశాస్త్రం వెలిసింది. తెలుగులో మనుమంచి భట్టు 'హయలక్షణ విలాసము' అనే కావ్యమే రాశాడు.

పద్ధతి మొత్తానికి మూలసూత్రం ఒక్కటే. గుర్రం తాడు బిగిసినప్పుడు నేర్చుకోదు, తాడు వదులైనప్పుడు నేర్చుకుంటుంది. ఇరుకు చెప్పు విప్పగానే పాదానికి కలిగే హాయి లాంటిది ఆ క్షణం. ఆ హాయి కలగడానికి ఒక్క లిప్త ముందు తానేం చేసిందో గుర్రం దాన్నే గుర్తుపెట్టుకుంటుంది, మళ్లీ అదే చేస్తుంది. కాబట్టి నేర్పేవాడి నైపుణ్యం చేతి బలంలో ఉండదు, వదిలే వేళలో ఉంటుంది.

ముందుకు నడవడం నేర్పాలనుకుందాం. తాడును మెల్లగా బిగించి అలాగే పట్టుకోవాలి. గుంజకూడదు, వదలకూడదు. గుర్రం తల విదిలిస్తుంది, వెనక్కి వాలుతుంది, అటూ ఇటూ చూస్తుంది. చివరికి ముందుకాలు ఒక్క అడుగు వేస్తుంది. అదే క్షణంలో తాడు పూర్తిగా వదులు కావాలి. ఒక్క అడుగే చాలు. రెండో అడుగు కూడా వేస్తుందేమోనని బిగించే ఉంచితే మొదటి అడుగుకు విలువ లేకుండా పోతుంది. వెనక్కి జరగడం, పక్కకు తప్పుకోవడం, కొండ మలుపులో ఆగడం అన్నీ ఈ దారినే వస్తాయి. కొన్నాళ్లకు వేలితో తాకినా కదులుతుంది.

మూటకు అలవాటు చేయడంలో ఈ సూత్రం మరీ ముఖ్యం. ఖాళీ గోనెసంచి తీసుకుని గుర్రం భయపడనంత దూరంలో నిలబడాలి. అది సంచిని చూస్తూ కదలకుండా ఉన్నప్పుడు మనం వెనక్కి తగ్గాలి. ఇంకాస్త దగ్గరకు, మళ్లీ వెనక్కి. తర్వాత భుజానికి తాకించి తీసేయడం, ఆపైన వీపు మీద వేయడం. గుర్రం ఎగిరి దూకుతున్నప్పుడు మాత్రం సంచిని గబుక్కున లాగేయకూడదు. అలా లాగేస్తే 'దూకితే సంచి పోతుంది' అన్న పాఠమే దానికి అందుతుంది. చాలా గుర్రాలు చెడ్డ అలవాట్లు నేర్చుకునేది ఇలాగే. అసలు దూకేదాకా తీసుకెళ్లడమే తొందరపాటు. చెవులు బిగుసుకున్నా, ముక్కుపుటాలు విచ్చుకున్నా, కళ్లలో తెల్లగుడ్డు కనబడినా అది 'చాలు' అంటోందని గ్రహించాలి. తల కిందికి దించి, నిదానంగా రెప్పలాడిస్తూ, కింది పెదవి వదులు చేస్తే కుదుటపడిందని అర్థం.

మెచ్చుకోలు ఎలా? మెడ మీద చరచడం కంటే మూపు దగ్గర గోకడం మేలు. గుర్రాలు ఒకదాన్నొకటి పళ్లతో దువ్వుకునేది అక్కడే. మూపు దగ్గర గోకితే గుర్రం గుండె వేగం తగ్గుతుందని 1993లో ప్రచురితమైన ఒక పరిశోధన చూపించింది. పాఠం పొట్టిగా ఉండటమూ, పాఠాల మధ్య ఎడం ఉండటమూ అవసరమే. రోజూ నేర్పిన గుర్రాల కంటే వారానికొకసారి నేర్పినవి తక్కువ పాఠాల్లోనే పట్టుకున్నాయని 1980 నాటి ఒక అమెరికన్ అధ్యయనం చెప్పింది. మధ్యలో విశ్రాంతి ఉంటే చదువు ఒంటబడుతుంది.

మన మనసు సంగతి కూడా గుర్రానికి తెలుస్తుంది. స్వీడన్‌లో చేసి 2009లో ప్రచురించిన ఒక ప్రయోగంలో కొందరిని గుర్రాలు పట్టుకుని నడవమన్నారు. కొన్ని మార్లు మామూలుగా నడిచాక, ఈసారి పక్కన గొడుగు తెరుస్తామని చెప్పారు. గొడుగు తెరవనే లేదు. అయినా మనిషి గుండెతో పాటు గుర్రం గుండె కూడా వేగంగా కొట్టుకుంది. సంతలో మోటార్ సైకిల్ హారన్‌కు గుర్రం బెదురుతుందేమోనని మనం ముందే బిగుసుకుపోతే ఆ బెదురు మన దగ్గరి నుంచే మొదలవుతుంది.

ఈ పద్ధతి పేరు చెప్పి చేసేవన్నీ మంచివని కూడా అనలేం. గుర్రాల శిక్షకుడు మాంటీ రాబర్ట్స్ ప్రాచుర్యంలోకి తెచ్చిన 'జాయిన్ అప్'లో గుర్రాన్ని గుండ్రటి ఆవరణలో పరుగెత్తించి, అది లొంగిన సూచన ఇచ్చాక వెనుదిరిగి నిలబడతారు. గుర్రం దగ్గరకొస్తుంది. అది మనిషిని నాయకుడిగా ఒప్పుకోవడం కాదని, తరమడం ఆగిందన్న ఊరటే కావచ్చని పరిశోధకులు హెచ్చరిస్తున్నారు. సున్నితమైన గుర్రాన్ని అలా తరిమితే బెదురు పెరగవచ్చు. ఏ గురువు పేరు చెప్పినా గుర్రం ముఖమే సాక్ష్యం.

నేర్పడానికి ముందు చూసుకోవలసినవి మరికొన్ని ఉన్నాయి. వీపు మీద పుండున్న గుర్రం మూటను చూసి దూకితే అది నొప్పి చెప్పే మాట. రోజులో ఎక్కువ భాగం మేస్తూ ఉండేలా తయారైన పొట్టను గంటల తరబడి ఖాళీగా ఉంచితే చిరాకు తప్పదు. వెన్నెముక పూర్తిగా గట్టిపడటానికి అయిదేళ్లు పైనే పడుతుంది కనుక పసిగుర్రం వీపున పెద్ద బరువు వేయరాదు. ఎదిగిన గుర్రాల మీద 2008లో జరిగిన అధ్యయనంలో, శరీర బరువులో 25 శాతం మోసినప్పుడు కండరాల నొప్పి కనబడింది. 20 శాతం దగ్గర అంతగా లేదు. ఆ లెక్కన 200 కిలోల చిన్న గుర్రానికి జీనుతో కలిపి 40 కిలోలు దాటకపోవడం మంచిది.

మన్యంలో ఈ విద్యకు ఇంకొక విలువ ఉంది. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ ఉన్న కాలిబాటలో గుర్రం బెదిరితే పోయేది మూట ఒక్కటే కాదు, పక్కన నడిచే మనిషి ప్రాణం కూడా. దీనికి ఖరీదైన సామాను అక్కర్లేదు. మెత్తని తాడు, ఒక గోనెసంచి, పాఠానికి పది పదిహేను నిమిషాల ఓపిక చాలు. టీకాలు వేయడానికి, నట్టల మందు పట్టడానికి కొండ ఊళ్లలో పశువైద్య శిబిరాలు పెట్టినప్పుడు ఒక గంట ఈ పాఠానికి కేటాయించాలి. ఊళ్లో ఇప్పటికే గుర్రాన్ని దెబ్బ లేకుండా నడిపించే పెద్దవాళ్లుంటే వాళ్లనే ముందు నిలబెట్టి చెప్పించాలి. కొత్త గుర్రం ఇంటికి తెచ్చుకున్న కుర్రాడు తాడు ఎప్పుడు వదలాలో మొదటి వారంలోనే తెలుసుకుంటే, కొరడా చేతికి తీసుకోవలసిన పని చాలావరకు తప్పుతుంది.