మీకు తెలుసా? ఇబ్రహీంపట్నం చీకటిని వెతుక్కుంటూ వచ్చిన టెలిస్కోపు

కొంగరకలాన్ అనగానే ఇప్పుడు కలెక్టరేటు, ఫాక్స్‌కాన్, ఔటర్ రింగు రోడ్డు గుర్తొస్తాయి. అయితే ఇదే ఇబ్రహీంపట్నం ప్రాంతానికి ఒకప్పుడు ఖగోళ శాస్త్రవేత్తలు చీకటి కోసం వచ్చారు.

నవాబ్ జాఫర్ జంగ్ 1901లో నెలకొల్పిన నిజామియా వేధశాల తర్వాత బేగంపేటకు మారింది. ప్రపంచ దేశాలు కలిసి చేపట్టిన నక్షత్ర పట్టిక కోసం అక్కడివాళ్లు లక్షల నక్షత్రాల స్థానాలు లెక్కగట్టారు. ఎంత ఓపిక! క్రమంగా హైదరాబాద్ నగరం వేధశాలను చుట్టుముట్టింది. దీపాల వెలుగు గాలిలోని ధూళికి, తేమకు తగిలి చెదిరి ఆకాశాన్నే తెల్లబరుస్తుంది. మసక నక్షత్రాలు అందులో కలిసిపోతాయి. అందుకే ఉస్మానియా విశ్వవిద్యాలయం 48 అంగుళాల పెద్ద టెలిస్కోపును బేగంపేటలో కాకుండా, దూరంగా ఇబ్రహీంపట్నం ప్రాంతంలోని జాపాల-రంగాపూర్ దగ్గర 1968లో నెలకొల్పింది. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని శాస్త్రవేత్తలు అక్కడి నుంచే పరిశీలించారు.

ఇప్పుడు నగరం ఆ దారినే విస్తరిస్తోంది. అక్కడి చీకటికి కలిగే నష్టం ఆపలేనిది కాదు. కాంతి నేల మీదికే పడేలా దీపానికి పైన మూత ఉంటే చాలు, రోడ్డుకూ వెలుగు తగ్గదు. మీ ఇంటి బయటి దీపంతోనే మొదలుపెట్టండి.